లోపలి గడియ

ఏడో నంబరు మంచం నుంచి బాత్రూము తలుపు దాకా టేపు పెట్టి కొలిస్తే పన్నెండు అడుగులు. ఒంట్లో ఓపిక ఉన్నవాడికి అదొక దూరమే కాదు, ఆవులింత మొదలుపెట్టి ముగించేలోగా చేరిపోతాడు. మట్టం మేస్త్రీకి మాత్రం ఆ పన్నెండు అడుగుల మధ్య ఏడు సముద్రాలున్నాయి. ఆ సముద్రాల అవతల ఒక తలుపుంది. ఆ తలుపుకి ఒకప్పుడు లోపల గడియ ఉండేదనడానికి గుర్తుగా నాలుగు మేకుల కన్నాలు మిగిలాయి.

ఈ ఆసుపత్రికి ఎవరూ జబ్బు తగ్గించుకోవడానికి రారు. ఇక తగ్గదని తేలాక, మిగిలిన రోజులు నొప్పి లేకుండా గడపడానికి వస్తారు. అలాంటిచోట కసరత్తు చేయించే ఉద్యోగం ఒకటుందంటే బయటివాళ్ళు నమ్మరు. "పోయేవాళ్ళకి కసరత్తేంటమ్మా, పైన పరుగుపందెం ఏమైనా పెట్టారా?" అని పక్కింటావిడ అడిగింది ఒకసారి. పన్నెండేళ్ళుగా ఈ పనే చేస్తున్న ఆ మనిషికి నవ్వొచ్చింది. ఇక్కడి రోగులు ఆమెకి కసరత్తమ్మ అని పేరు పెట్టారు. డాక్టర్లూ అలాగే పిలుస్తారు.

సోమవారం పొద్దున తొమ్మిదికి ఆమె వార్డులోకి వచ్చేసరికి ఏడో మంచం చువ్వకి ఎర్రకార్డు వేలాడుతోంది. "పడక దిగరాదు."

మేస్త్రీ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పక్కన బల్లమీద కంచం మూత తీయలేదు. మామూలుగా అయితే ఆమె గుమ్మంలో ఉండగానే, "అమ్మాయ్, మీ పైకప్పు అటు మూల అరంగుళం జారింది, కట్టినవాణ్ణి పట్టుకురా" అని కేకేసేవాడు. వచ్చిన రోజు నుంచీ ఆ గదిలో మట్టం కుదిరిన వస్తువు ఒక్కటి కూడా కనిపించలేదాయనకి. ఆఖరికి గ్లాసులో నీళ్ళు కూడా ఒకవైపు ఒరిగి ఉన్నాయన్నాడు.

"మేస్త్రీగారూ, ఏమిటీ అలక?"

జవాబు వెనకనుంచి వచ్చింది, పెద్ద సిస్టరు గొంతులో. "నిన్న తెల్లారుతూనే ఎవరికీ చెప్పకుండా దిగాడు. మంచం పక్కన నేలమీద దొరికాడు. దెబ్బ తగల్లేదు, అదృష్టం. ఇక దిగే పని లేదు. అన్నీ మంచంమీదే."

"అన్నీ" అంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు. మంచం కింద స్టాండుమీద తళతళలాడుతూ ఉంది, స్టీలు బెడ్‌పాన్.

"తిండి?"

"ఆకలి లేదంటున్నాడు. రాసుకున్నాం." సిస్టరు చేతిలోని చీటీలో వరసగా మూడుచోట్ల ఆకలి లేదు అని ఉంది. ఈ ఆసుపత్రిలో అది కొత్త మాట కాదు. మనిషి లోపల్నుంచి ఒక్కో దీపమే ఆరిపోతున్నప్పుడు మొదట ఆరేది ఆకలే. అందుకే ఎవరూ రెండోసారి చూడలేదు.

రెండోసారి చూసినవాడు మేస్త్రీ బావమరిది. వడ్రంగి. చెవి వెనక పెన్సిలు లేకుండా ఆయన్ని భార్య కూడా గుర్తుపట్టదంటారు. రోజూ పదింటికి వచ్చి గంటసేపు బావతో పోట్లాడి వెళ్తాడు. ఆ రోజు బావ పోట్లాడకపోయేసరికి బెదిరిపోయి, కసరత్తమ్మని వరండాలోకి పిలిచాడు.

"ఆకలి లేకపోవడమేంటమ్మా! ఇందాక నేను అరటిపండు తింటుంటే నా నోటివంకే చూస్తున్నాడు. తింటే ఆ పళ్ళెం పెడతారని తినట్లేదు. నలుగురి మధ్య తెర అడ్డంపెట్టి... జన్మలో చేతులు కడుక్కోకుండా ఒకరింట్లో మంచినీళ్ళు తాగని మనిషి. మా అక్క ఉన్న రోజుల్లో కూడా జ్వరమొస్తే గోడ పట్టుకుని వెళ్ళేవాడుగానీ పిలిచేవాడు కాదు."

కసరత్తమ్మ లోపలికొచ్చి మంచం అంచున కూర్చుంది. దుప్పటి తీసి ఆయన కాళ్ళు చూసింది. ఒకప్పుడు నాలుగంతస్తులు రోజుకి ఇరవైసార్లు ఎక్కి దిగిన పిక్కలు, ఇప్పుడు వదులైన సంచుల్లా ఉన్నాయి. "నా చేతిని తొక్కండి" అని అరికాలి కింద చెయ్యి పెట్టింది. తొక్కాడు. కోపంగానే తొక్కాడు. మంచిదే, కోపం కూడా బలమే. సిమెంటు దుమ్ము తిని తిని ఊపిరితిత్తులు చెడిపోయాయిగానీ కాళ్ళు ఇంకా పూర్తిగా లొంగలేదు. డాక్టరు నిన్ననే చెప్పాడు, ఈ సత్తువ వారం, మహా అయితే పది రోజులు ఉంటుందని.

"మీకేం కావాలో ఒక్కటి చెప్పండి. నయం చెయ్యమని తప్ప."

ఆయన ఇటు తిరగకుండానే అన్నాడు. "నా కాళ్ళమీద నేను పోవాలి. తలుపు నేను వేసుకోవాలి. లోపల గడియ పడాలి. అంతే. ఆ తరవాత మీ ఇష్టం వచ్చినట్టు చావమనండి, చస్తాను."

పెద్ద సిస్టరు ఒప్పుకోలేదు. మందుల గదిలో మాత్రలు లెక్కచూస్తూ, తల ఎత్తకుండా చెప్పింది. "మూడో నంబరులో ఒకామె ఉండేది, నువ్వు సెలవులో ఉన్నప్పుడు. ఇలాగే ముచ్చటపడితే నేనే పోనిచ్చాను. లోపల గడియ పెట్టుకుంది. పడింది. తలుపు బద్దలుకొట్టేసరికి ఇరవై నిమిషాలు. తుంటి విరిగి చివరి పదకొండు రోజులూ అరుస్తూ పోయింది. ఆ గడియలన్నీ నా చేతులతోనే ఊడబీకాను."

కసరత్తమ్మ నెమ్మదిగా అంది. "ఈయన తినడం మానేశాడు సిస్టర్. ఆకలి లేక కాదు, పాన్‌కి భయపడి."

సిస్టరు చేతిలో మాత్ర ఆగింది. చీటీ తీసి, తాను రాసిన మూడు "ఆకలి లేదు"లవంక చూసింది. ఆ చూపు చాలాసేపు అక్కడే ఉంది.

"గురువారం పది గంటలకి," అంది చివరికి. "నా కళ్ళముందు నడిపించు. నొప్పిమాత్ర అరగంట ముందు నేనే ఇస్తాను. ఒక్కసారి మోకాలు వంగిందా, కార్డు అక్కడే ఉంటుంది. మళ్ళీ నన్నడగొద్దు."

మంగళవారం కసరత్తమ్మ వాకర్ తెచ్చింది. నాలుగు కాళ్ళ స్టాండు. రెండు చేతులతో పట్టుకుని ముందుకి జరుపుకుంటూ నడవాలి. లేవడం నేర్పింది ముందు. "పాదాలు వెనక్కి లాగండి. ముందుకి వంగండి, ముక్కు కాలివేళ్ళ మీదికి రావాలి. ఇప్పుడు పొయ్యి ఊదినట్టు ఊదుతూ లేవండి." నాలుగోసారికి లేచాడు. అందాకా బాగానే ఉంది.

"ఇక అంగ వెయ్యండి. ఒకటి..."

మేస్త్రీ కదల్లేదు. ఎదురుగా ఖాళీ నేల. ఆయన కళ్ళు పెద్దవయ్యాయి, ఊపిరి కీచుమంది, మోకాళ్ళు వణికాయి. ఆమె ఆయన నడుముకి కట్టిన పట్టీ పట్టుకుని మెల్లగా వెనక కుర్చీలోకి దించింది. మళ్ళీ లేపింది. మళ్ళీ అదే. మూడోసారి వాకర్‌ని పక్కకి తోసేశాడు.

"ఏంటిది! మేకపిల్లకి కట్టినట్టు నాలుగు కాళ్ళు కట్టి, ముందు గొయ్యి చూపించి దూకమంటావు. పైగా లెక్కపెడతావు. నాలుగంతస్తుల ఎత్తున పరంజా పలకలమీద అంగలు లెక్కపెట్టినవాడు ఎవడైనా ఇంటికెళ్ళాడా?"

"మరి పరంజా మీద ఎలా నడుస్తారు?"

"ముక్కు ముందుకి పెట్టుకుని మాత్రం నడవం. గోడకి మొహం, పలకకి పాదం. రెండు చేతులూ గోడమీద. ఎడంకాలు పక్కకి, చెయ్యి దానితోపాటు, కుడికాలు దాని పక్కకి. వెనక్కి చూడకు, కిందికి చూడకు. గోడ నీది, గాలి దేవుడిది."

ఆమె చదివిన పుస్తకాల్లో ఇది లేదు. పన్నెండేళ్ళుగా అందర్నీ ముందుకే నడిపించింది. "అలా కాదు మేస్త్రీగారూ, ముందు వాకర్‌తో..." అని మొదలుపెట్టి, ఆయన మొహం చూసి ఆగిపోయింది.

"ముందు నువ్వెక్కు పరంజా," అన్నాడు.

"నేనా?"

"ఎక్కకుండా ఎక్కించేదానివా? ఎక్కు!"

కసరత్తమ్మ లేచి గోడకి మొహం పెట్టి నిలబడింది. పక్కకి రెండు అంగలు వేసింది. బావమరిది నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు.

"తల దించకు! నడుం నిటారు! ఇది నడకేనా, గోడమీద బల్లి కూడా నీకంటే దర్జాగా పోతుంది." రెండు రోజుల తరవాత మేస్త్రీ గొంతులో ప్రాణం వినిపించింది. "ఒకసారి ఏమైందనుకున్నావ్. నాలుగో అంతస్తు పరంజా మీద చిన్న కునుకు తీశాను. లేచేసరికి తలపాగాలో కాకి గూడు కట్టి రెండు గుడ్లు పెట్టేసింది. పక్షి ఉసురెందుకని, పిల్లలు ఎగిరిపోయేదాకా తల దించకుండా గోడ కట్టాను. ఇరవై రోజులు. అంత నిటారు గోడ ఇప్పటికీ ఇంకోటి లేదు."

"కునుకు తీస్తేనే గూడు కట్టిందా బావా? మరి నువ్వు రాత్రంతా పడుకునుంటే కాకి పెళ్ళి కూడా చేసేదేమో," అన్నాడు బావమరిది.

"నీ చెవి వెనక పెన్సిల్లో చెదలు గూడు పెట్టింది, అది చూసుకో ముందు."

ఆమె నవ్వలేదు. గోడకి చేతులు ఆనించి అలాగే నిలబడి ఉంది. బరువు సగం చేతుల్లోకి పోతోంది. ఒళ్ళు కాస్త ముందుకి వాలింది కనక ఊపిరాడడం తేలికగా ఉంది. ఎదురుగా గొయ్యి లేదు, గోడ ఉంది. ఈయన యాభై ఏళ్ళు బతికింది ఇలాగే.

"లేవండి," అంది వెనక్కి తిరిగి.

ఆ మధ్యాహ్నం మట్టం మేస్త్రీ గోడవెంట మూడు అంగలు వేశాడు. మోకాలు వంగలేదు.

బుధవారం గోడ పని. మంచానికి, తలుపుకి మధ్య గోడని ఆనుకుని బట్టల బీరువా ఉంది. "అడ్డం" అన్నాడు మేస్త్రీ పడుకునే. బావమరిది, కసరత్తమ్మ కలిసి దాన్ని ఎదుటి గోడకి జరిపారు. ఆమె నీలం సుద్దముక్కతో చెయ్యి పెట్టాల్సిన చోటల్లా గుర్తు పెట్టింది. పదహారు గుర్తులు. ఎనిమిదో గుర్తు పక్కన, విశ్రాంతికి కుర్చీ.

"పదకొండోది కిందికి జారింది," అన్నాడు మంచంమీంచి.

ఆమె స్కేలు పెట్టి చూసింది. వేలెడు జారింది. తుడిచి మళ్ళీ పెట్టింది.

ఆ రోజు పన్నెండో గుర్తు దాకా వెళ్ళాడు. అక్కడ ఊపిరి తెగిపోయినట్టయింది. ఆమె కుర్చీ లాక్కొచ్చి కూర్చోబెట్టి, అరచేతిలో పట్టే చిన్న ఫ్యాను ఆయన ముక్కుకి ఎదురుగా పట్టింది. "పీల్చడం గురించి మరిచిపోండి. ఊదండి, అంతే. బయటికి పోతే లోపలికి అదే వస్తుంది." పెదాలు సన్నగా బిగించి ఊదాడు. నీలం తిరిగిన గోళ్ళు నెమ్మదిగా రంగుకొచ్చాయి. తలుపు ఇంకా నాలుగు గుర్తుల దూరం. దాన్ని చూస్తూ ఆయన ఒక్క హాస్యమైనా ఆడలేదు. దానికే ఆమెకి భయమేసింది.

మధ్యాహ్నం బావమరిది సంచీ విప్పి చిన్న చెక్క గడియ తీశాడు. రాత్రి కూర్చుని చెక్కినట్టున్నాడు, అంచులు నున్నగా ఉన్నాయి. పెద్ద సిస్టరు దాన్ని చూడగానే చేతులు కట్టుకుంది.

"వద్దన్నానుగా."

"చూడమ్మా ముందు. ఇది దూర్చే గడియ కాదు, పడే గడియ. తలుపు సందులోంచి స్కేలు దూర్చి పైకెత్తితే బయటినుంచే లేస్తుంది." బిగించి చూపించాడు. లోపల టప్పుమని పడింది. బయట స్కేలు దూర్చాడు. చప్పుడు లేకుండా లేచింది. "మా బావకి మాత్రం చెప్పకండి. గడియంటే లోపలివాడిదే అనుకోవాలిగా."

"నాకన్నీ వినపడుతున్నాయిరా," అన్నాడు ఏడో నంబరు. "వడ్రంగులు చేసిన తలుపుకి సందు లేకుండా ఉంటుందా? ఉండనీ. గౌరవమున్నవాళ్ళు దూర్చరు."

పెద్ద సిస్టరు ఆ స్టీలు స్కేలు అడిగి తీసుకుని జేబులో పెట్టుకుంది. గడియని తలుపుకే ఉండనిచ్చింది.

గురువారం పొద్దున ఎనిమిదికి మేస్త్రీ కంచం దగ్గరికి తెమ్మన్నాడు. పెట్టిందంతా తిన్నాడు. రెండోసారి అడిగి తిన్నాడు. కసరత్తమ్మ వచ్చేసరికి పెదాలు తుడుచుకుంటూ ఉన్నాడు.

"ఏంటి మేస్త్రీగారూ, ఇదంతా?"

"నిచ్చెన తీసేశానమ్మాయ్. ఇక దిగడానికి వీల్లేదు. పైకే పోవాలి."

ఆమెకి అప్పుడు అర్థమైంది. ఈ రోజు చేరకపోతే పాన్ తప్పదు, తెర తప్పదు. ఆ తరవాత ఆయన మళ్ళీ కంచం ముట్టడు. ఈయన తన పరువునే పందెం కాశాడు.

తొమ్మిదిన్నరకి సిస్టరు మాత్ర ఇచ్చింది. పదికి వార్డంతా నిశ్శబ్దమైంది. నాలుగో నంబరు ముసలావిడ దిండు ఎత్తు చేయించుకుని కూర్చుంది. రెండో నంబరాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. బావమరిది ఎనిమిదో గుర్తు దగ్గర కుర్చీ పట్టుకుని, గుళ్ళో నిలబడ్డట్టు నిలబడ్డాడు.

ముక్కు కాలివేళ్ళ మీదికి. ఊది, లేచాడు. గోడకి మొహం పెట్టాడు. సిమెంటు తిని గరుకుబారిన అరచేతులు సున్నం గోడమీద ఆనగానే భుజాలు సర్దుకున్నాయి. చేతుల కింద ఉన్నదేమిటో ఆ చేతులకి తెలుసు.

ఎడంకాలు. చెయ్యి. కుడికాలు.

కసరత్తమ్మ ఆయన నడుము పట్టీమీద రెండు వేళ్ళు మాత్రం ఉంచి వెనక నడిచింది. లెక్కపెట్టలేదు. ఎనిమిదో గుర్తు దగ్గర బావమరిది కుర్చీ ముందుకి తోశాడు. "పక్కకి పో, దారికడ్డం" అన్నాడు మేస్త్రీ. కానీ ఆగాడు. గోడకి నుదురు ఆనించి నాలుగుసార్లు ఊదాడు. మళ్ళీ కదిలాడు. పది. పదకొండు. పన్నెండు.

పన్నెండో గుర్తు దగ్గర ఎడంకాలు కదలనంది. నిన్న ఆగిపోయిన చోటే. తల నెమ్మదిగా కిందికి వాలింది. తలతోపాటు భుజాలు, భుజాలతోపాటు నడుము. మోకాలిలో సన్నటి వణుకు మొదలైంది. కసరత్తమ్మ పట్టీని గుప్పిట బిగించింది.

"మేస్త్రీ!" అని గట్టిగా వినిపించింది వెనకనుంచి. "తల ఎత్తు! గుడ్లున్నాయి!"

పెద్ద సిస్టరు! మంగళవారం ఆ కాకి కథ మందుల గది తలుపు వెనకనుంచి విన్నట్టుంది.

మేస్త్రీ తల లేచింది. నవ్వొచ్చి దగ్గొచ్చింది, దగ్గు దాటి ఊపిరొచ్చింది. మోకాలు వంగలేదు. పదమూడు. పద్నాలుగు. పదిహేను. పదహారో గుర్తు మీద చెయ్యి పడకుండానే తలుపు చట్రం పట్టుకున్నాడు. లోపల గోడకున్న కమ్మీ అందుకున్నాడు. కసరత్తమ్మ కూడా ఒక కాలు లోపల పెట్టింది.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. ఆ మూడు నాలుగు రోజుల్లో మొదటిసారి వెనక్కి చూడడం. "అమ్మాయ్. పట్టీ వదులు."

వదిలింది. కాలు వెనక్కి తీసుకుంది.

తలుపు మూసుకుంది. లోపల టప్పుమని గడియ పడింది.

ఆ చిన్న చప్పుడు వార్డు చివరి మంచం దాకా వినిపించింది. నాలుగో నంబరు ముసలావిడ చెయ్యెత్తి దణ్ణం పెట్టింది, ఎవరికో తెలీదు.

తరవాత ఏ చప్పుడూ లేదు.

నిమిషమైంది. బావమరిది చెవి వెనక పెన్సిలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. రెండు నిమిషాలు. కూర్చునేటప్పుడు జారాడా? కమ్మీ వదిలేశాడా? ఊపిరి ఆగిందా? సోమవారం నుంచీ ఈయన వెళ్ళాల్సిందేనని వాదించిన కసరత్తమ్మకి ఇప్పుడు చేతులు చల్లబడ్డాయి. మూడో నిమిషం నిండకుండానే తలుపు మీదికి చెయ్యి ఎత్తింది. తట్టలేక, సిస్టరు జేబులోంచి బయటికి కనిపిస్తున్న స్కేలు మీదికి చెయ్యి చాచింది.

ఆ చెయ్యిని సిస్టరు పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది. సిస్టరు చెయ్యి కూడా చల్లగానే ఉంది. కళ్ళు తలుపు మీంచి కదల్లేదు.

"ఆగు," అంది గుసగుసగా. "లోపలున్నది మేస్త్రీ. పని అయ్యాక ఆయనే పిలుస్తాడు."

ఇద్దరూ అలాగే చేతులు పట్టుకుని నిలబడ్డారు. స్కేలు జేబులోనే ఉంది.

అప్పుడు లోపలినుంచి, నింపాదిగా, గొంతు వినిపించింది. "ఒరే బామ్మర్దీ! ఈ గోడ కట్టినవాడెవడో గానీ, ముప్పాతిక అంగుళం అవతలికి ఒరిగింది. ఇక్కడ కూర్చున్నాక గానీ తెలీలేదు."

వార్డు గొల్లున నవ్వింది. ఆ నవ్వులో నీళ్ళ చప్పుడు సరిగ్గా వినపడలేదు గానీ వినపడింది. చేతులు కడుక్కుంటున్న చప్పుడు కూడా, తీరిగ్గా, సబ్బుతో. తరవాత గడియ లేచింది.

తిరుగు ప్రయాణం కుర్చీలో కూర్చునే చేశాడు, బావమరిది వెనకనుంచి తోస్తుంటే, పెళ్ళికొడుకులా. దారిలో ప్రతి మంచం దగ్గరా ఆపించాడు. నాలుగో నంబరావిడ దగ్గర కాస్త ఎక్కువసేపు ఆపించాడు. "గడియ కొంచెం బిగువుగా ఉందమ్మా, వడ్రంగి పని కదా. నువ్వొచ్చేసరికి సర్దిస్తాను."

"నాకు గోడ పని రాదుగా నాయనా," అందావిడ.

"కసరత్తమ్మకి నేర్పాను. బల్లిలా నడుస్తుందిగానీ, ఫరవాలేదు."

మంచంమీద పడుకోబెట్టాక ఆయన కళ్ళు మూతలు పడ్డాయి. పది నిమిషాల నడక ఆయన ఒంట్లోంచి ఒక పూట పనికయ్యే సత్తువ లాగేసింది. అయినా నిద్రలోకి జారేముందు ఒక కన్ను తెరిచి, "మధ్యాహ్నం భోజనంలోకి ఏమిటి?" అని అడిగాడు.

పెద్ద సిస్టరు చువ్వకున్న ఎర్రకార్డు తీసింది. చింపలేదు. బావమరిది చెవి వెనక పెన్సిలు అడక్కుండానే లాక్కుని, కార్డు వెనక్కి తిప్పి, తెల్లటివైపు ఏదో రాసి మళ్ళీ అక్కడే తగిలించింది. వెళ్తూ, బకెట్టుతో వస్తున్న ఊడ్చే ఆమెని గుమ్మంలో ఆపింది. "నేల తుడువు. ఆ గోడ జోలికి మాత్రం పోకు."

కసరత్తమ్మ వంగి కార్డు చదివింది.

"తలుపు దాకా తోడు. లోపల ఒక్కరే."